సీతాకోకచిలుకల కోసం కొండెక్కుతున్నారా?

"మా అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. వాడికి సీతాకోకచిలుకల పిచ్చి. ఆదివారం వచ్చిందంటే కంబాలకొండకు పోదామని ప్రాణం తోడేస్తాడు. అక్కడ పాములూ పురుగులూ ఉంటాయి కదా, పంపించవచ్చునా? వాళ్ళ నాన్నగారు వద్దంటున్నారు. మీరు కూడా వద్దని రాస్తే వాడికి చూపిస్తాను."

విశాఖపట్నం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది.

అమ్మా, మీరు కోరిన జవాబు నేను రాయలేను. పంపించండి. వీలుంటే మీరూ, వాళ్ళ నాన్నగారూ కూడా వెళ్ళండి. కాకపోతే ఒక సంగతి తెలుసుకుని వెళ్ళండి. అది వైద్య పుస్తకాలన్నిటిలోనూ ఉన్నదే. నేనూ చదువుకున్నదే. కానీ నాకు ఒంటబట్టింది మాత్రం ఒక రోగి మంచం దగ్గర, అదీ చాలా ఆలస్యంగా.

2016లో దసరా వెళ్ళిన రెండు వారాలకు మా వార్డులో ఒక స్కూలు టీచరుగారు చేరారు. నలభై యేళ్ళుంటాయి. ఆరు రోజులుగా జ్వరం, పగిలిపోయే తలనొప్పి, ఒళ్ళునొప్పులు, ఎర్రబడిన కళ్ళు. అప్పటికే బయట మలేరియాకు, టైఫాయిడ్‌కు, డెంగీకి పరీక్షలు చేయించుకున్నారు. ఏదీ తేలలేదు. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గాయి కనుక "డెంగీ కావచ్చు" అని ఎవరో చీటీ మీద రాశారు. ఖరీదైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మూడు రోజులు పడ్డాయి. జ్వరం మాత్రం దిగలేదు.

నేను అడగవలసినవన్నీ అడిగాను.

"ఈమధ్య ఊరేమైనా వెళ్ళారా అమ్మా?"

"ఎక్కడికీ లేదండీ. ఇల్లు, బడి. అంతే."

ఆ మాటే కేసుషీటులో రాసుకున్నాను. గుండె, ఊపిరితిత్తులు విన్నాను. పొట్ట నొక్కి చూశాను. వార్డు నిండా జనం, అడ్డం పెట్టే తెర సగం చిరిగిపోయి ఉంది. చీరకట్టుకున్న ఆడమనిషి కదా అని అంతకంటే చూడలేదు. రెండో రోజు సాయంత్రానికి ఆవిడకు ఆయాసం మొదలైంది.

ఆ రాత్రి వాళ్ళ అత్తగారు తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ నర్సును పిలిచి, "ఇక్కడేదో కాలిన మచ్చలా ఉందమ్మా, ఎప్పుడు కాలిందో కోడలికే తెలియదంటోంది" అన్నారట. లంగా బొందు కట్టుకునే చోట, నడుముకు వెనకపక్కన. శనగగింజంత నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్టుతో చురకపెట్టినట్టు ఉంటుంది. నొప్పి లేదు, దురద లేదు. అందుకే మనిషికి అది ఉన్నట్టే తెలియదు. నర్సు నాకు ఫోను చేసింది. ఆవిడ అనుభవం గల నర్సు కాబట్టి సరిపోయింది.

ఆ జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. దానికి పనిచేసే మందు డాక్సీసైక్లిన్. ఏళ్ళ తరబడి అన్ని మందుల షాపుల్లోనూ దొరుకుతున్న చవక మందు. అంతకుముందు పడిన ఖరీదైన ఇంజెక్షన్లకు ఈ క్రిమి లొంగదు. ఆ రాత్రే మందు మొదలుపెట్టాం. రెండు రోజులకు జ్వరం దిగింది. ఊపిరితిత్తులు కోలుకోవడానికి నాలుగు రోజులు ఆక్సిజన్ కావలసివచ్చింది. తొమ్మిదో రోజున ఇంటికి పంపించాం.

వెళ్ళేముందు మళ్ళీ అడిగాను. "పొదల్లో గానీ, గడ్డిలో గానీ ఎక్కడైనా కూర్చున్నారా అమ్మా?"

"కంబాలకొండకు వెళ్ళానండీ. దసరా సెలవుల్లో మూడుసార్లు. సీతాకోకచిలుకల కోసం."

"మరి ఎక్కడికీ వెళ్ళలేదన్నారే!"

"అది ఊరెళ్ళడం ఏమిటండీ? మా ఇంటి దగ్గర బస్సెక్కితే ఇరవై నిమిషాలు!"

నిజమే. తప్పు ఆవిడది కాదు. నేను అడిగిన ప్రశ్నలోనే లోపం ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు ఇదే జ్వరంతో, ఇదే ఆయాసంతో మేకలు కాసుకునే ఒక కుర్రవాడిని తీసుకొచ్చారు. మూడో రోజున పోయాడు. కారణం తెలియని జ్వరం అని రాశాను. టీచరుగారి నడుము మీద మచ్చ చూసిన రాత్రి ఆ కుర్రవాడు గుర్తుకొచ్చాడు. వాడి లాగూ నాడా విప్పించి నేను చూడలేదు. మచ్చ ఉందో లేదో ఇక ఎవరికీ తెలియదు.

ఇంతకూ ఈ జబ్బును తెచ్చేది ఏమిటి? తొలకరి వానలకు ఎర్రటి మఖమలు గుడ్డలా మెరుస్తూ నేలమీద పాకే ఆరుద్ర పురుగును మీరు చూసే ఉంటారు. పిల్లలు అగ్గిపెట్టెల్లో దాచుకుంటారు. అది పాపం ఎవరినీ ఏమీ చేయదు. దానికి దూరపు చుట్టాలు కొన్ని ఉన్నాయి. మైట్ అంటారు. నల్లిని పోలిన పురుగని పత్రికల్లో రాస్తుంటారు కానీ నల్లి దీని ముందు ఏనుగు! దీని పిల్ల మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. పెద్దవి మట్టిలో ఉండి చిన్న చిన్న పురుగుల గుడ్లు తిని బతుకుతాయి. మనల్ని కుట్టేది పిల్ల ఒక్కటే. అది గడ్డిపరక కొనకో, ఎండుటాకు అంచుకో ఎక్కి కూర్చుంటుంది. ఎలుకో, పందికొక్కో, మనిషో అటు రాసుకుపోతే అంటుకుంటుంది. బట్ట బిగుతుగా ఉన్న చోటుకు, చర్మం మడత పడే చోటుకు పాకుతుంది. నడుము, గజ్జలు, చంక, రొమ్ము కింద, మోకాలి వెనక. అక్కడ రెండు మూడు రోజులు నిశ్చింతగా ఉండి రాలిపోతుంది. ఆ పిల్లలో క్రిమి ఉంటే మనకు ఎక్కుతుంది. తల్లి పురుగు నుంచి పిల్ల పురుగుకు ఈ క్రిమి వారసత్వంగా వస్తుంది. అందుకే ఒక చోట పాతుకుపోతే అంత తేలిగ్గా పోదు.

ఈ క్రిమి పేరులో ఒక జపాను మాట ఉంది, సుత్సుగముషి అని. ముషి అంటే పురుగు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవుల్లో ఎందరో సైనికులు ఈ జ్వరం పాలయ్యారు. తర్వాత చాలాకాలం మన డాక్టర్లం దీన్ని మరిచిపోయాం. అది మాత్రం మనల్ని మరిచిపోలేదు. వానాకాలం చివర నుంచి చలికాలం మొదలయ్యే దాకా, అంటే సీతాకోకచిలుకలు ముమ్మరంగా ఎగిరే రోజుల్లోనే, ఈ కేసులూ ఎక్కువగా వస్తాయి.

ఆ ఏడాది డిసెంబరులో టీచరుగారు మా ఓపీకి వచ్చి, "డాక్టరుగారూ, మళ్ళీ వెళ్ళవచ్చునా?" అని అడిగారు. వెళ్ళండి అన్నాను. "మీరూ రండి, చూద్దురుగాని" అన్నారు. మోకాళ్ళ నొప్పి, కాస్త చక్కెరజబ్బు ఉన్న నాకు కొండ నడకేమిటని వారం రోజులు తప్పించుకున్నాను. రోగులకు రోజూ నడవమని చెప్పేవాడికి ఎన్నాళ్ళని తప్పించుకోవడం కుదురుతుంది? ఒక ఆదివారం వెళ్ళాను.

కంబాలకొండ ఊరికి దూరం కాదు, జాతీయ రహదారి పక్కనే. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేది. 1970 నుంచి అటవీశాఖ చేతిలో ఉంది. 2002లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 71 చదరపు కిలోమీటర్ల తూర్పుకనుమల అడవి. చిరుతలు కూడా ఉన్నాయి కానీ అవి మనకు కనబడే బాపతు కాదు.

నేను ఆరింటికే బయలుదేరదామన్నాను. ఆవిడ నవ్వి, ఎనిమిది దాటాక రమ్మన్నారు. సీతాకోకచిలుకకు మనలా ఒంట్లో వేడి పుట్టదట. పొద్దున్నే ఎండలో రెక్కలు పరుచుకుని ఒళ్ళు కాచుకోవాలి. ఒళ్ళు సుమారు 30 డిగ్రీలకు వేడెక్కితే గాని సరిగా ఎగరలేదు. ఎనిమిది నుంచి పదకొండు దాకా దానికి మంచి వేళ. ఎండ ముదిరితే మళ్ళీ నీడ పట్టుకుంటుంది. చక్కెరజబ్బు వాళ్ళకు ఇది బాగా కలిసొచ్చే సంగతి. టిఫిను తిని, మాత్ర వేసుకుని, తీరిగ్గా వెళ్ళవచ్చు. పరగడుపున కొండెక్కి కళ్ళు తిరిగి పడనక్కరలేదు.

దారిలో ఒక చోట నీరు ఊరి మట్టి తడిగా ఉంది. దాని మీద లేత పసుపు రెక్కలవి ఇరవై దాకా వాలి ఉన్నాయి. కామన్ ఎమిగ్రెంట్లు. గుమిగూడి తాగుతున్నాయి. "నీళ్ళ కోసం కాదండీ, ఉప్పు కోసం" అన్నారు టీచరుగారు. వాటిలో చాలామటుకు మగవే. పూతేనెలో చక్కెర ఉంటుంది కానీ ఉప్పు ఉండదు. మట్టిలోంచి పీల్చిన ఉప్పును జతకట్టేటప్పుడు ఆడదానికి కానుకగా ఇస్తాయి. విరేచనాల పిల్లలకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టమని తల్లులకు నేర్పడంలో నా ఉద్యోగం సగం గడిచింది. ఉప్పు విలువ తెలిసిన పురుగును చూస్తే ముచ్చటేసింది.

ఇంకాస్త ముందుకు వెళ్ళాక నల్లటి రెక్కల మీద ఎర్రచుక్కలు, తెల్లచారలు ఉన్న పెద్దది ఒకటి పొద మీద వాలింది. "ఇది క్రిమ్సన్ రోజా, కామన్ మార్మనా చెప్పండి చూద్దాం" అన్నారు. నాకు ఏ రెండూ తెలియవు. క్రిమ్సన్ రోజ్ ఒంట్లో విషం ఉంటుంది, పక్షులు ముట్టవు. మార్మన్‌కు ఏ విషమూ లేదు. మీ పెరట్లో కరివేపాకు మొక్క మీద పక్షిరెట్టలా కనిపించి, పెరిగాక ఆకుపచ్చగా మారే పురుగు దీని పిల్లే. ముట్టుకుంటే తలమీద ఎర్రటి కొమ్ముల జంట బయటపెట్టి వాసన కొడుతుంది. ఈ మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం క్రిమ్సన్ రోజ్ వేషం వేసుకుని పక్షులను మోసం చేస్తాయి. "రెక్కలు చూస్తే పోల్చుకోలేరండీ. ఒళ్ళు చూడాలి. రోజ్‌కు ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, మార్మన్‌కు నలుపు" అన్నారు. ఒళ్ళు చూడాలి అన్న మాట ఆవిడ మామూలుగానే అన్నారు. నాకు మాత్రం చురుక్కుమంది.

ఆ క్రిమ్సన్ రోజ్‌కు విషం ఎక్కడిదో చెప్పకపోతే డాక్టరుగా నా ధర్మం తీరదు. దాని పిల్లలు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు తిని పెరుగుతాయి. ఆ ఆకుల్లోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఆ ఈశ్వరి వేరునే మన పల్లెల్లో పాముకాటుకు అరగదీసి తాగిస్తుంటారు. దయచేసి తాగకండి, తాగించకండి. పాము విషానికి అది విరుగుడు కాదు సరికదా, అందులో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను ఎండబెట్టేస్తుంది. మూత్రనాళాల్లో క్యాన్సరు తెస్తుంది. బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికని ఇచ్చిన మందుల్లో ఈ జాతి మొక్క కలిసి ఎందరో ఆడవాళ్ళ మూత్రపిండాలు పాడయ్యాయి. 1993లో ఆ సంగతి వైద్యపత్రికల్లోకెక్కింది. జిల్లేడు తిని పెరిగే ప్లెయిన్ టైగర్‌దీ ఇలాంటి కథే. నారింజరంగు రెక్కలకు నల్లటి అంచు ఉన్నది, మన ఊళ్ళ చుట్టూ ఎక్కడైనా కనిపిస్తుంది. జిల్లేడుపాలలో గుండెను ఆపగల విషం ఉంది. సీతాకోకచిలుకకు సరిపడింది మనకు సరిపడుతుందనుకోవడం ప్రమాదం. కళ్ళతో చూడండి, అంతే.

ఇలా మాట్లాడుకుంటూ ఒక గడ్డిపువ్వు మీద వాలిన చిన్న నీలం రెక్కలదాన్ని చూడాలని నేను గడ్డిలో చతికిలబడ్డాను. అటుగా వస్తున్న కాపలా ముసలాయన, "ఏటి బాబూ, అలా గడ్డిలో కూకుండిపోయినారు? లెగండి, పురుగులుంటాయి" అని కసిరాడు. టీచరుగారు మాట్లాడకుండా సంచిలోంచి మడతస్టూలు తీసి నా ముందు పెట్టారు. డాక్టరును నేను! సిగ్గుతో దాని మీద కూర్చున్నాను.

ఆలోచిస్తే చిక్కంతా అక్కడే ఉంది. సీతాకోకచిలుకలను చూసేవాళ్ళు దారి మీద గబగబా నడిచిపోరు. నిలబడతారు, వంగుతారు, మోకాళ్ళ మీద కూర్చుంటారు, పొదల్లోకి తల దూరుస్తారు. మైట్ పిల్లకు కావలసింది అదే. కాబట్టి నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు వేసుకుని, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోవాలి. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. ఆడపిల్లలకు చీర, లంగా కంటే చుడీదారు మేలు. చేతులకు, కాళ్ళకు డీట్ అనే మందు కలిసిన పూత రాసుకోండి. దారి వదలకండి. విడిచిన చొక్కా గడ్డి మీద ఆరేయకండి. ఇంటికి రాగానే ఆ బట్టలు వేడినీళ్ళలో వేసి, సబ్బూ పీచూ పెట్టి ఒళ్ళంతా రుద్ది స్నానం చేయండి. పిల్లల నడుము, చంకలు, మోకాళ్ళ వెనక తల్లులు స్వయంగా చూడాలి.

పాముల గురించి అడిగారు కదా. బూట్లు వేసుకుని, కాలు పెట్టేచోట చూసుకుంటూ, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకుండా ఉంటే నూటికి తొంభైపాళ్ళు భయం తీరినట్టే. కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కరిచిన కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఒక కర్రకు వదులుగా కట్టి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. పామును చంపి తేనక్కరలేదు.

గొంగళిపురుగు వెంట్రుకలు, దూలగొండి నూగు తగిలితే రుద్దకండి. అతుక్కునే ప్లాస్టరు వేసి లాగి, సబ్బుతో కడగండి. మంచినీళ్ళు మనిషికి ఒక లీటరుకు తగ్గకుండా తీసుకెళ్ళండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకోవాలి, ఉత్తకాళ్ళతో ఒక్క అడుగు కూడా వేయకూడదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. చేతికర్ర పట్టుకుని అడ్డంగా చిన్న అడుగులు వేస్తూ దిగండి. నేను అలాగే దిగాను.

మీ అబ్బాయి కళ్ళ సంగతి కూడా ఒక మాట. పిల్లలు పగటి వెలుతురులో రోజుకు రెండు గంటల దాకా గడిపితే దూరపుచూపు మసకబారడం ఆలస్యమవుతుందని, కొందరిలో అసలు రాదని పరిశోధనల్లో తేలింది. వచ్చిన కళ్ళజోడు దీనివల్ల పోదు, అది వేరే సంగతి. అరచేతిలో ఫోను పట్టుకుని ఇంట్లో కూర్చునే ఆదివారం కంటే కొండమీద ఆదివారం వాడి కళ్ళకు మంచిది. అందుకే పంపించమన్నాను.

ఇక అసలు సంగతి. మీ ఇంట్లో గోడకు క్యాలెండరు ఉంటుంది కదా. గ్యాసు సిలిండరు వచ్చిన రోజు, పాలవాడు రాని రోజు దాని మీదే రాసుకుంటారు. కొండకు వెళ్ళిన రోజు గడిలో "కొండ" అని రాయండి. ఆ రోజు నుంచి ఆరు రోజులు మొదలుకొని మూడు వారాల లోపల ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టరు అడిగినా అడగకపోయినా, ముందు ఆ తేదీ చెప్పండి. మేము హడావిడిలో ఉంటాం, అడగడం మరిచిపోతాం. "పొదల్లో తిరిగామండీ, స్క్రబ్ టైఫస్ ఏమో చూడండి" అని నోరు తెరిచి చెప్పండి. డాక్టరుకు పాఠం చెప్పినట్టవుతుందేమోనని మొహమాటపడకండి. అద్దంలో కనబడని చోట్లు ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోండి. మచ్చ ఉంటే సందేహమే లేదు. లేకపోయినా జబ్బు లేదనుకోకూడదు, అందరిలోనూ అది కనబడదు. రక్తపరీక్ష మొదటి రోజుల్లో తేలకపోవచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెడతాం. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఉంది. పిల్లలకు మోతాదు డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు కొనుక్కుని మింగకండి. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు, దీనికి టీకా లేదు.

టీచరుగారు ఇప్పటికీ వెళుతున్నారు. ఎప్పుడైనా జ్వరం వచ్చి ఓపీకి వస్తే కుర్చీలో కూర్చోకముందే, "కొండకు వెళ్ళి పన్నెండు రోజులైందండీ, మా అత్తగారు ఒళ్ళంతా చూశారు, ఏమీ లేదు" అని చెప్పేస్తారు. పోయినసారి అది ఉత్త జలుబే. ఆ రోజు చూసిన చిలుకల పేర్లు పుస్తకంలో రాసుకొచ్చి చూపించారు. ముప్ఫై ఒకటి ఉన్నాయి. నాకు వాటిలో ఆరు తెలుసు.